ఒకే కెమెరాలో మూడు ఫ్రేము సైజులు: మాస్కు కుదిరింది, ఫిల్ము లాగుడు దగ్గర చిక్కుబడ్డా

ఫిల్ముపెట్టె:
నమస్తే అందరికీ. ఆర్నెల్ల నుంచి ఓ 120 రోలు (6 సెంమీ వెడల్పు ఫిల్ము) కెమెరా సొంతంగా కట్టుకుంటున్నా. 105 మిమీ లెన్సు, లెన్సులోనే షట్టరు, 6×9 సెంమీ ఫ్రేము మూలల దాకా వెలుగు పడుతుంది. నా కోరికేంటంటే రోలు మధ్యలోనే, ఫిల్ము బయటికి తియ్యకుండా, 6×9, 6×6, 6×4.5 మూడిట్లో ఎప్పుడేది కావాలంటే అది తీసుకోవాలి. గేటుకి (ఫిల్ము మీద వెలుగు పడే కిటికీకి) అటూ ఇటూ రెండు రేకు బ్లేడ్లు మాస్కుగా పెట్టా, పైన లీవరు తిప్పితే రెండూ సమానంగా లోపలికి జరుగుతాయి, అది చాలా బాగా వచ్చింది. ఫిల్ముకి ఆనుకుని తిరిగే చిన్న రోలరుకి డయలు తగిలించి దానిమీద మూడు లాగుళ్లు గుర్తు పెట్టుకున్నా, 6×9కి 93 మిమీ, 6×6కి 62, 6×4.5కి 46.5.

నిన్న మొదటి రోలు కడిగా. ఒకే సైజులో వరసగా తీసినంతసేపూ ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సందు గీత గీసినట్టు ఉంది. సైజు మార్చిన చోటే మొత్తం పాడైంది. 6×6 తీసి, 62 లాగి, లీవరు 6×9కి తిప్పి తీస్తే ఆ రెండూ ఒకదాని మీదొకటి 8 మిమీ ఎక్కేశాయి. 6×4.5 తర్వాత 6×9 అయితే ఇంకా ఘోరం, 16 మిమీ. లైటు మీద పెట్టి చూస్తే ఆ పట్టీ అంతా నల్లగా దట్టంగా ఉంది, ఒక ఫోటోలోని చెట్టుకొమ్మల్లోంచి ఇంకో ఫోటోలోని గోడ కనిపిస్తోంది. అదే 6×9 నుంచి 6×4.5కి వెళ్తే ఎక్కడం లేదు గానీ మధ్యలో 30 మిమీ ఊరికే ఖాళీ పోయింది. లెక్క ఎక్కడ తప్పిందో ఎవరైనా చెప్తారా?

పళ్లచక్రం:
తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు, సగమే వేశావు. నీ బ్లేడ్లు రెండు పక్కల నుంచీ వస్తున్నాయి కాబట్టి ఏ సైజైనా గేటు మధ్యలోనే ఉంటుంది. 6×6 ఫ్రేము నిజం కొలత 56 మిమీ, అంటే మధ్య గీత నుంచి అటు 28, ఇటు 28. నువ్వు 62 లాగాక 6×9 తెరిచావు, అది 84, మధ్య నుంచి వెనక్కి 42. 62లోంచి 42 తీస్తే 20. పాత ఫ్రేము 28 దాకా ఉంది, కొత్తది 20 దగ్గరే మొదలైంది. అదే నీ 8 మిమీ. 6×4.5కీ ఇలాగే వేసి చూడు, 16 వస్తుంది.

ఇది 35 మిమీ ఫిల్ములో ఇంకా సులువుగా అర్థమవుతుంది, అక్కడ చిల్లులున్నాయి కాబట్టి. చిల్లుకీ చిల్లుకీ 4.75 మిమీ, ఒక ఫుల్ ఫ్రేముకి 8 చిల్లులు జరగాలి, 38 మిమీ. చాలా కెమెరాల్లో స్ప్రాకెట్‌కి (చిల్లుల్లో పట్టి ఫిల్ముని జరిపే చక్రానికి) 8 పళ్లే ఉంటాయి, ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము, దానికి ఒక గాటు. హాఫ్ ఫ్రేము కావాలంటే ఆ చక్రానికి ఎదురెదురుగా రెండు గాట్లు, అరచుట్టులో ఆగిపోతుంది, 4 చిల్లులు, 19 మిమీ. 1965లో వచ్చిన కోనికా ఆటోరెక్స్‌లో పైన ఒక లీవరు ఉంటుంది, రోలు మధ్యలోనే 24×36 నుంచి 18×24కి మారొచ్చు. ఎస్‌ఎల్‌ఆర్‌లో (అద్దం ద్వారా లెన్సులోంచే చూసే కెమెరాలో) ఆ పని చెయ్యడం మామూలు సంగతి కాదు. గేటు మధ్యకి మాస్కు వేసే ఏ కెమెరాలోనైనా ఒక సూత్రం పట్టుకుంటే ఫ్రేములు ఎక్కవు: పెద్ద సైజు పెట్టి ఉన్నప్పుడే లాగాలి. పెద్దది నుంచి చిన్నదానికి పోతుంటే ముందు లాగి తర్వాత లీవరు, చిన్నది నుంచి పెద్దదానికైతే ముందు లీవరు తర్వాత లాగుడు. కొంచెం ఫిల్ము ఖాళీ పోతుంది, కానీ ఫోటో దక్కుతుంది.

నెగటివ్‌ప్రేమి:
నాకో సందేహం. బ్లేడ్లు రెండెందుకు, ఒక్కటి చాలదా? ఫిల్ము చుట్టుకునే స్పూలు వైపు అంచు కదలకుండా ఉంచి, ఇవతలి వైపు బ్లేడొక్కటే జరిపితే ప్రతి ఫ్రేమూ ఒకే చోట మొదలవుతుంది. అప్పుడు తీసిన ఫ్రేము ఎంతుందో అంత, దానికి సందు కలిపి లాగితే చాలు, తర్వాత ఏ సైజు వస్తుందో పట్టించుకోవాల్సిన పనే లేదు కదా.

కొలతబద్ద:
లాగుడు వరకూ మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే లెన్సు గేటు మధ్యకి గురిపెట్టి ఉంటుంది. ఒక పక్కకి జరిపిన 6×4.5 ఫ్రేము నడిమధ్య లెన్సు మధ్యకి 21 మిమీ పక్కన పడుతుంది. లెన్సు 6×9 మొత్తం కప్పుతుంది కాబట్టి నల్ల మూలలు రావు, కానీ చిన్న ఫ్రేము కూడా పెద్ద ఫ్రేము మూలనే వాడుకుంటుంది, లెన్సులో బాగా గీసే మధ్య భాగం వదిలేసి అంచు వాడినట్టు. ఒక వైపు కొంచెం చీకటి, ఒక వైపు కొంచెం మెత్తదనం. వ్యూఫైండరు కూడా పక్కకి జరగాలి. చిన్న సైజు ఎంచుకునేది లెన్సు మంచి భాగం వాడుకోడానికి కూడా కదండీ, అది పోతే నాకైతే మనసొప్పదు.

ఎర్రకిటికీ:
పాత ఫోల్డింగ్ కెమెరాలు ఏళ్లుగా విప్పి బిగిస్తున్నవాణ్ణి, ఈ సంగతి వాళ్లు ఎలా నడిపారో చెప్తా. 120 బ్యాకింగ్ పేపరు (ఫిల్ముతో పాటు చుట్టి ఉండే కాగితం) వెనక మూడు వరసల్లో అంకెలుంటాయి, 6×9కి 8, 6×6కి 12, 6×4.5కి 16. కెమెరా వెనక ఎర్ర కిటికీ ఏ వరస మీద ఉందో ఆ సైజు. ఫిల్ము ఎంత జరగాలన్న లెక్కంతా కాగితం మీదే అచ్చేసి ఉంది, కెమెరాలో ఒక్క గేరు కూడా అక్కర్లేదు. 6×9 ఇకోంటా లాంటి వాటిల్లో లోపల రేకు మాస్కు పెడితే సగం సైజు వచ్చేది, వాటికి వెనక రెండు కిటికీలుంటాయి, 1 అంకె మొదటి కిటికీలోకి వస్తే ఒక ఫోటో, అదే 1 రెండో కిటికీలోకి వస్తే ఇంకో ఫోటో, అలా 8 అంకెలతో 16 ఫోటోలు. మాస్క్వా-5లో 6×9తో పాటు 6×6 మాస్కు. హోల్గాలో వెనక ఒక చిన్న తలుపు అటు జరిపితే 12, ఇటు జరిపితే 16.

ఇవన్నీ రోలు ఎక్కించే ముందే తేల్చుకోవాల్సినవి, మాస్కు పెట్టాలంటే వెనక మూత తెరవాలి కదా. మాస్కు ఒకటి పెట్టి కిటికీ ఇంకోటి చూస్తే రోలంతా గోవిందా, నా చేతుల్లోనే అలా ఒక పెళ్లి రోలు పోయింది, 6×6 మాస్కు ఉండగా 16 వరస చూసి తిప్పుకుంటూ పోయా. మాస్కూ కిటికీ ఒకదానికొకటి తెలియకపోవడమే ఆ కాలపు కెమెరాల అసలు లోపం.

ఇంకోటి గమనించు, 8, 12, 16. అంటే రెండు 6×9లు పట్టే చోటే మూడు 6×6లు, నాలుగు 6×4.5లు. నువ్వు పెట్టుకున్న 93, 62, 46.5 కూడా అదే పాళ్లలో ఉన్నాయి. దాన్ని వాడుకో.

డార్క్‌రూమ్‌అక్క:
అందరూ బాగా రాస్తున్నారు, మధ్యలో ఒక ప్రశ్న అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మొత్తం 6×9లోనే తీసి ప్రింటు వేసేప్పుడు ఎన్‌లార్జరు కింద కావలసినంత ముక్కే వాడుకుంటే సరిపోదా? 35 మిమీ కాంపాక్టుల్లో పనోరమా స్విచ్చు అని వచ్చేది గుర్తుందా, పైనా కిందా రెండు రెక్కలు దిగి 24 ఎత్తున్న ఫ్రేముని 13 చేసేవి, 13×36. ఫిల్ము జరగడంలో తేడా ఏం లేదు, అవే 36 ఫోటోలు, దాదాపు సగం ఫిల్ము ఖాళీగా పోయేది. 1996లో వచ్చిన ఏపీఎస్ అనే ఫిల్ము పద్ధతి అయితే అది కూడా చెయ్యలేదు, మీట ఎటు తిప్పినా ఫిల్ము మీద పడేది ఒకే పెద్ద ఫ్రేము, ఏ ఆకారంలో వెయ్యాలో ల్యాబుకి చెప్పే గుర్తు మాత్రం ఫిల్ము మీద రాసేది. ఆ పద్ధతే తెలివైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, తర్వాత మనసు మారితే ఫోటో మొత్తం అక్కడే ఉంటుంది.

ఫిల్ముపెట్టె:
అక్కా, మీరన్నది ఒక్కసారి కాదు పదిసార్లు ఆలోచించా. నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, 6×9లో తీస్తే రోలుకి 8 ఫోటోలే, మనిషి ముఖం తియ్యడానికి నాకు 6×4.5 చాలు, అలాంటివి 16 వస్తాయి. రెండోది నేను స్లైడు ఫిల్ము (ప్రింటు లేకుండా ఫిల్ము మీదే అసలు బొమ్మ కనిపించేది) ఎక్కువ వాడతా, స్లైడుని లైటు మీద పెట్టి చూడ్డమే నాకు ఫోటో చూడ్డం, అందులో కత్తిరింపు ఉండదు. ఇంకా ఒకటుంది, మాటల్లో పెట్టలేకపోతున్నా, లీవరు తిప్పగానే ఫైండరులో చట్రం చతురస్రం అయిపోతే నా కన్ను కూడా అలాగే చూడ్డం మొదలుపెడుతుంది.

సగంఫ్రేము:
ఆ చివరి మాట కోసమే నేను రెండు సైజుల కెమెరాలు ఇష్టపడతా.

ఈ పని కొన్నవాళ్లకి ఏ తలనొప్పీ లేకుండా చేసి చూపించింది 1998 నాటి హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్, ఫుజీ పేరుతో టీఎక్స్-1. మామూలు 35 మిమీ ఫిల్మే, 24×36 కావాలంటే అది, 24×65 కావాలంటే అది, రోలు మధ్యలో ఎన్నిసార్లైనా. రోలు పెట్టగానే మోటారు ఫిల్మంతా ముందే బయటికి చుట్టేసుకుంటుంది, తర్వాత ఒక్కో ఫోటోకీ వెనక్కి డబ్బీలోకి లాక్కుంటూ పోతుంది, అందుకే ఎవరైనా పొరపాటున మూత తెరిచినా తీసిన ఫోటోలు డబ్బీలో భద్రం. కౌంటరు ఎన్ని తీశావో చెప్పదు, ఇంకెన్ని మిగిలాయో చెప్తుంది, సైజు మారిస్తే ఆ అంకె కూడా మారిపోతుంది. 36 రోలులో అన్నీ పనోరమా తీస్తే 21 వస్తాయి. ఒక్క మీటకి మాస్కు, లాగుడు, కౌంటరు, ఫైండరు నాలుగూ కట్టేసి ఉన్నాయి. 45 మిమీ లెన్సు పనోరమాలో అడ్డంగా చూసే వెడల్పు మామూలు ఫ్రేము మీద 25 మిమీ లెన్సంత, అంచుల్లో చీకటి తగ్గించడానికి మధ్యలో నలుపు పూసిన ఫిల్టరు కూడా వాడతారు.

దానికి పూర్తిగా వేరే దారి ఫుజీ జీఎఫ్670ది. 120 ఫిల్ము, 6×7 లేదా 6×6, కానీ రోలు ఎక్కించాక మార్చడానికి వీల్లేదు. మూడో దారి, సైజు మార్చడానికి వెనక డబ్బానే మార్చెయ్యడం, హాసెల్‌బ్లాడ్ ఏ12 అయితే 6×6, ఏ16 అయితే 6×4.5, మధ్యలో డార్క్ స్లయిడు (డబ్బా విప్పేప్పుడు ఫిల్ముకి వెలుగు తగలకుండా అడ్డం పెట్టే రేకు). డబ్బాకి దాని గేటు, దాని లాగుడు, దాని కౌంటరు. నిజానికి అది సమస్యని తీర్చడం కాదు, సమస్య రాకుండా చూసుకోవడం, బరువు మొయ్యగలిగితే మంచి దారే.

పళ్లచక్రం:
రాత్రంతా ఇదే తలలో తిరుగుతోంది. నేను చెప్పిన పెద్దదాంతో లాగే సూత్రం పక్కన పెట్టు తమ్ముడూ, దానికంటే మంచిది దొరికింది.

మధ్యకి మాస్కు వేసిన గేటులో ఒక ఫ్రేము నడిమి నుంచి తర్వాతి ఫ్రేము నడిమికి ఎంత దూరం? పాతదాని లాగుడులో సగం, కొత్తదాని లాగుడులో సగం. అంతే. అందుకని లాగుడుని రెండు ముక్కలు చెయ్యి. షట్టరు కొట్టాక మొదటి లాగుడు పాత సైజులో సగం దగ్గర ఆగిపోవాలి. అక్కడ, అక్కడ మాత్రమే, సైజు లీవరు కదలాలి. తర్వాత రెండో లాగుడు కొత్త సైజులో సగం, అది పూర్తయితేనే షట్టరు మీట తెరుచుకోవాలి. సైజు మార్చకపోయినా రెండు లాగుళ్లే, చెయ్యి అలవాటు పడుతుంది.

ఇప్పుడు ఎర్రకిటికీ గారు పట్టిచ్చిన పాళ్లు చూడు. నీ రోలరు చుట్టుకొలత 31 మిమీ చేశావనుకో, పావుచుట్టు 7.75 మిమీ. దానికి నాలుగు పళ్ల రాచెట్ (ఒక వైపే తిరగనిచ్చే పళ్లచక్రం) పెట్టు, పావుచుట్టుకి ఒక టిక్కు. 93 అంటే 12 టిక్కులు, 62 అంటే 8, 46.5 అంటే 6. సగం లాగుళ్లు 6, 4, 3. అన్నీ నిండు అంకెలే! ఏ సైజు నుంచి ఏ సైజుకి మారినా మధ్యలో టిక్కు విరగదు. మూడు గాట్ల చక్రం ఒక్కటి చాలు, లీవరుకి తగిలించు, రెండు లాగుళ్లకీ అదే చదువుతుంది, ఎందుకంటే మొదటిసారి చదివేప్పుడు లీవరు పాత సైజు మీద ఉంటుంది, రెండోసారి కొత్త సైజు మీద.

నెగటివ్‌ప్రేమి:
అద్భుతం అన్నా. 35 మిమీలో కూడా సరిపోతోంది, ఫుల్‌కి 8 చిల్లులు, హాఫ్‌కి 4, మారేప్పుడు 6.

రోలరు ఎందుకని అడగొచ్చా? నాబ్ ఎన్ని చుట్లు తిప్పామో లెక్కపెడితే పోలేదా, ఒక భాగం తగ్గుతుంది కదా.

కొలతబద్ద:
కుదరదండీ, ఇక్కడే చాలామంది ఇంటి కెమెరాలు దెబ్బతింటాయి. చుట్టుకునే స్పూలు లావవుతూ ఉంటుంది. ఖాళీ స్పూలు కడ్డీ సుమారు 12 మిమీ ఉందనుకోండి, ఒక చుట్టుకి 38 మిమీ ఫిల్ము లాగుతుంది, 6×6 లాగుడుకి చుట్టున్నర పైనే కావాలి. ఫిల్మూ కాగితమూ కలిసి 0.2 మిమీ మందం అనుకుంటే రోలు చివరికి ఆ చుట్ట 18 మిమీ దాటుతుంది, అప్పుడు అదే లాగుడుకి ఒక్క చుట్టు చాలు. ఒకే సైజు కెమెరా అయితే గాట్లు రానురాను దగ్గరయ్యే చక్రంతో దాన్ని సరిదిద్దొచ్చు. మూడు సైజులు కలగలిపి తీసేవాడికి ఆ చక్రం పనికిరాదు, ఎన్నో ఫోటోకి స్పూలు ఎంత లావుందో చక్రానికి ముందే తెలియదు. ఫిల్ముని నేరుగా కొలిచే రోలరే దారి.

ఫిల్ముపెట్టె గారూ, రోలరు విషయంలో రెండు జాగ్రత్తలు. ఫిల్ము గేటు దాటి స్పూలు వైపు ఒంగే మూలలో పెట్టండి, అక్కడైతే ఫిల్ము రోలరుని చుట్టుకుని పట్టుకుంటుంది, తిన్నగా పోయేచోట పెడితే జారుతుంది. ఆ మూలలో రోలరుకి తగిలేది మందు పూసిన వైపు, కాబట్టి నడుమంతా సన్నగా చెక్కేసి రెండు కొసల్లో మాత్రం రబ్బరు తొడగండి, ఫిల్ము వెడల్పు 61 మిమీ పైచిలుకు, ఫోటో 56, అంచున రెండున్నర మిల్లీమీటర్లు మీవే. రెండోది, 31 మిమీ చుట్టుకొలతకి వ్యాసం 9.87 వస్తుంది కదా అని అంత చెయ్యకండి. ఫిల్ము తన మందంలో నడిమి పొర దగ్గర కొలవబడుతుంది, ఆ 0.2 తీసేసి 9.67 దగ్గర పెట్టి అక్కణ్ణుంచి కొలుచుకుంటూ రుద్దుకోండి.

ఫిల్ముపెట్టె:
రోలరు మళ్లీ చేస్తున్నా, మీ అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఈలోగా ఇంకోటి. 6×4.5 ఫ్రేము అంచులు మసగ్గా ఉన్నాయి, 6×9 అంచులు మాత్రం బ్లేడుతో కోసినట్టున్నాయి. పైగా చిన్న ఫ్రేము 41.5 ఉండాల్సింది కొలిస్తే 42.7 వస్తోంది. బ్లేడ్లు ఫిల్ముకి 3 మిమీ ముందున్నాయి, గీతలు పడతాయని భయపడి అలా పెట్టా.

డార్క్‌రూమ్‌అక్క:
అదే కారణం. మాస్కు ఫిల్ముకి దూరంగా ఉంటే దాని నీడ పలచబడుతుంది, ఎండలో చెయ్యి గోడకి దూరం జరిపితే నీడ అంచు చెదిరినట్టు. ఆ మసక వెడల్పు ఎంతంటే మాస్కు దూరాన్ని ఎఫ్ నంబరుతో (లెన్సు రంధ్రం అంటే అపెర్చరు ఎంత తెరిచామో చెప్పే అంకె, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) భాగిస్తే వచ్చేంత. 3 మిమీ దూరంలో ఎఫ్/4.5 పెడితే 0.7 మిమీ, ఎఫ్/22 అయితే 0.14. చిన్న అపెర్చరులో తీసినవి చూడు, అంచు పదునుగా ఉంటుంది. ఫ్రేము పెరగడం కూడా అందుకే, లెన్సు నుంచి వెలుగు విచ్చుకుంటూ వస్తుంది, బ్లేడు దాటాక ఇంకో 3 మిమీ విచ్చుకుంటుంది, 105 లెన్సుకి పక్కకి 0.6 చొప్పున. వైడ్ లెన్సు పెడితే ఇంకా పెరుగుతుంది, నీ సందు లెక్కలో అది కూడా పట్టుకో. బ్లేడ్లు 0.3 మిమీ ఉక్కు రేకుతో చేసి ఫిల్ము పట్టాల కిందే గాడిలో నడిపించు, ఫిల్ముకి అర మిమీ దూరం చాలు. అంచుని లెన్సు వైపు ఏటవాలుగా చెక్కి మాట్ నలుపు వెయ్యి, మెరిసే అంచు ఉంటే ఫ్రేము పక్కన తెల్లటి పొగలా వెలుగు చిమ్ముతుంది.

సగంఫ్రేము:
ఫైండరు మాస్కు మర్చిపోకు. అదే 105 లెన్సు 6×9లో మామూలు 35 మిమీ కెమెరా మీద 45 లెన్సులా చూస్తుంది, 6×4.5లో 65లా. ఒకే చోట నిలబడి రెండు లెన్సులు వాడినట్టే, చట్రం లీవరుతో పాటు కదలకపోతే తలలు తెగిపోతాయి.

ఫిల్ముపెట్టె:
మూడు వారాలైంది, కొత్త రోలరు, రెండు లాగుళ్ల చక్రం, లీవరు తాళం అన్నీ బిగించా. ఫిల్ము పాడుచెయ్యకుండా ముందు పాత బ్యాకింగ్ పేపరొకటి ఎక్కించి, ప్రతిసారీ గేటులోంచి సన్న పెన్సిలుతో బ్లేడు అంచు వెంట గీత గీసుకుంటూ పోయా. ఆరు 6×6, రెండు 6×9, నాలుగు 6×4.5. పేపరు విప్పి బల్ల మీద పరిచి స్కేలు పెడితే 6×6కీ 6×9కీ మధ్య సందు 8 మిమీ, లెక్క ప్రకారం 7.5 రావాలి. 6×9 నుంచి 6×4.5కి 7 రావాలి, 7.5 వచ్చింది. ఎక్కడా ఎక్కలేదు. రోలరు ఇంకో వెంట్రుకవాసి రుద్దాలి, అంతే.

కౌంటరు దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయా, ఎన్ని ఫోటోలు తీశానో లెక్కపెడితే ఎంత ఫిల్ము మిగిలిందో తెలియదు. తర్వాత ఎక్స్‌పాన్ గురించి చదివింది గుర్తొచ్చి ఫోటోలు మానేసి టిక్కులు లెక్కపెట్టా. ఎనిమిది 6×9లకి 96 టిక్కులు, పన్నెండు 6×6లకీ 96, పదహారు 6×4.5లకీ 96! అందుకని డయలు మీద 96 నుంచి కిందికి అంకెలు చెక్కా, ఫిల్ము జరిగిన కొద్దీ తగ్గుతుంది. పక్కన మూడు చుక్కలు, 12 దగ్గర పెద్దది, 8 దగ్గర మధ్యది, 6 దగ్గర చిన్నది, లీవరు మార్చేముందు ముల్లు ఏ చుక్క దాటిందో చూస్తే ఆ సైజు ఇక పట్టదని తెలిసిపోతుంది.

పళ్లచక్రం అన్నా, మూత తెరవగానే డయలు 96కి తనంతట తాను తిరిగెళ్లాలంటే వాచీ స్ప్రింగు సరిపోతుందా, లేక మూత కీలుకే ఒక పన్ను పెట్టి తోయించాలా?

పళ్లచక్రం:
స్ప్రింగు పెట్టు, కానీ రాచెట్ కొక్కెం మూత తెరిచినప్పుడే లేవాలి, లేకపోతే కెమెరా కుదుపుకి కొక్కెం జారి రోలు మధ్యలోనే 96కి పోతుంది. కొక్కెం ఫోటో ఒకటి పెట్టు, పన్ను వాలు ఎంతుందో చూసి చెప్తా.